డెన్నిస్ రిచీ

డెన్నిస్ రిచీ (సెప్టెంబరు 9, 1941 - అక్టోబరు 2011) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త. సి ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్తగాను, కెన్ థాంప్సన్‌తో కలసి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించినవాడిగాను ఈయన ప్రసిద్ధుడు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు, దానిపై నడిచే ప్రోగ్రాములకు మధ్య హెడర్ ఫైళ్ళ ద్వారా కుదిరే ఒప్పందానికి మూలాలు కూడా ఈయన కృషిలోనే ఉన్నాయి.

బాల్యము, విద్యాభ్యాసము

రిచీ న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించాడు. తండ్రి అలిస్టెయిర్ రిచీ బెల్ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రము, అనువర్తిత గణితము అభ్యసించాడు. 1968లో డాక్టరేటు కొరకు పరిశోధనా వ్యాసం పూర్తిచేశాడు గానీ, నియమాల ప్రకారం దాని ప్రతిని సమర్పించకపోవడంతో ఆ పట్టా ఈయనకు దక్కలేదు. అప్పటికే, 1967లో, బెల్ ప్రయోగశాలలో చేరి ఉన్నాడు.

యూనిక్స్, సి భాష

ఆ రోజుల్లో బెల్ ప్రయోగశాల మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణంలో భాగస్వామి. 1969లో ఆ పథకం నుండి వైదొలగింది. అదే సంవత్సరం థాంప్సన్ పీడీపీ-7 అనే చిన్న యంత్రంపై యూనిక్స్‌కు శ్రీకారం చుట్టగా, రిచీ అతనితో చేతులు కలిపాడు. తరువాత వచ్చిన పీడీపీ-11 యంత్రంలో జ్ఞాపకశక్తిని బైట్ల లెక్కన చేరుకోవచ్చు. థాంప్సన్ రూపొందించిన బి భాషలో దత్తాంశ రకాలు లేవు, అందులో ఉన్నది ఒక్క పదపరిమాణమే. ఈ లోటు తీర్చడానికి రిచీ 1971-73 మధ్య బి భాషకు రకాలను జోడించి సి భాషగా మలిచాడు. 1972లో థాంప్సన్ కెర్నల్‌ను సి లో తిరగరాయబోయి విఫలమయ్యాడు. భాషలోకి స్ట్రక్చర్లు వచ్చాక 1973లో ఆ పని నెరవేరింది. అంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఎక్కువగా అసెంబ్లీ భాషలోనే రాసేవారు.

హెడర్ ఫైళ్ళు, సి లైబ్రరీ

సి భాషలో చదవడానికి, ముద్రించడానికి ప్రత్యేకమైన ఆదేశాలు లేవు. ఆ పనులన్నీ లైబ్రరీకి వదిలివేయబడ్డాయి. లైబ్రరీ కెర్నల్‌ను అర్థిస్తుంది, కెర్నల్ జవాబును ఒక స్ట్రక్చరులో నింపి ఇస్తుంది. ఆ స్ట్రక్చరులో ఏ అంశం ఎన్నో బైటు వద్ద ఉందో ఇరుపక్షాలూ ఒకే విధంగా భావించాలి. లేకపోతే కంపైలరు ఏ తప్పునూ చూపదు, ప్రోగ్రాము మాత్రం ఫైలు పరిమాణం అనుకొని మరేదో అంకెను చదువుతుంది.

ఒక ఫైలును మరొకదానిలో చేర్చుకునే సదుపాయం సుమారు 1973 నాటికి సి లోకి వచ్చింది. ఇందుకు అలన్ స్నైడర్ ప్రోద్బలం కొంత కారణం. అయినా తొలి యూనిక్స్ కూర్పులలో ప్రోగ్రామర్లు కెర్నల్ స్ట్రక్చర్లను మాన్యువల్ చూసి తమ ప్రోగ్రాములలో స్వయంగా రాసుకునేవారు. అందరి వద్దా ఒకే రకం యంత్రం ఉన్నంతకాలం ఇది చెల్లింది.

1977లో రిచీ, స్టీఫెన్ జాన్సన్ యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 యంత్రానికి తరలించ పూనుకున్నారు. పీడీపీ-11లో పూర్ణాంకం 16 బిట్లు, ఇందులో 32 బిట్లు. ఎవరికి వారు రాసుకున్న వివరణలు ఇక్కడ బెడిసికొట్టాయి. 1979లో వెలువడిన ఏడవ కూర్పులో కెర్నల్ రకాలు హెడర్ ఫైళ్ళలోకి చేరాయి. రిచీ రాసిన ప్రామాణిక ఇన్‌పుట్-ఔట్‌పుట్ లైబ్రరీ కూడా ఆ కూర్పుతోనే వ్యాప్తి చెందింది.

కాలాన్ని లెక్కించే ఫంక్షను కథ ఇందుకు చక్కని ఉదాహరణ. తొలి యూనిక్స్ సెకనులో అరవైయవ వంతును ప్రమాణంగా తీసుకోగా, 32 బిట్లు సుమారు రెండుంబావు సంవత్సరాలలోనే నిండిపోయేవి. తరువాత 1970 జనవరి 1 నుండి సెకన్లను లెక్కించసాగారు. అప్పటి సి లో 32 బిట్ల పూర్ణాంకం లేనందున, ఫలితాన్ని రెండు పూర్ణాంకాల వరుసలో నింపేందుకు దాని చిరునామాను ఫంక్షనుకు అందించేవారు. అవసరం తీరిపోయినా ఆ చిరునామా నేటికీ అలాగే ఉంది, దానిని తొలగిస్తే పాత ప్రోగ్రాములు చెడిపోతాయి. 32 బిట్ల సెకన్ల లెక్క 2038 జనవరి 19న నిండుతుంది. దీని పరిష్కారానికి 2019లో లినక్స్ కెర్నల్ 5.1, 32 బిట్ల యంత్రాలకు కొత్త సిస్టమ్ కాల్స్‌ను చేర్చగా, గ్నూ సి లైబ్రరీ 2021లో తన 2.34 కూర్పుతో గానీ అందుకోలేదు. ఇరుపక్షాలూ మారితే తప్ప ఒప్పందం మారదు.

ప్రామాణీకరణ

1978లో బ్రయాన్ కెర్నిహాన్‌తో కలసి రాసిన సి గ్రంథం పదేళ్ళకు పైగా ప్రమాణంగా చెల్లింది. 1983లో ఏర్పడిన ప్రమాణాల సంఘంలో రిచీ పెద్దగా కల్పించుకోలేదు. కానీ 1988లో నోఎలియాస్ అనే కొత్త విశేషణాన్ని చేర్చబోగా, అది కంపైలరుకు ప్రమాదకరమైన స్వేచ్ఛనిస్తుందని తీవ్రంగా వ్యతిరేకించాడు. సంఘం దానిని విరమించుకుంది. 1989లో అమెరికా ప్రమాణం వెలువడింది.

పురస్కారాలు, మరణము

థాంప్సన్‌తో కలసి 1983లో ట్యూరింగ్ పురస్కారం, తరువాత అమెరికా జాతీయ సాంకేతిక పతకం, 2011లో జపాన్ ప్రైజ్ అందుకున్నాడు. 2007లో పదవీ విరమణ చేశాడు. 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో తన ఇంట మరణించి కనిపించాడు. ఒంటరిగా నివసించినందున మరణించిన రోజు కచ్చితంగా తెలియరాలేదు. వారం క్రితమే స్టీవ్ జాబ్స్ మరణించి ఉండటంతో ఈ వార్త పత్రికలలో అంతగా రాలేదు. ఆ నవంబరులో విడుదలైన ఫెడోరా 16 లినక్స్ కూర్పును ఈయన స్మృతికి అంకితం చేశారు.