మార్తీన్ దిహీగో

బేస్‌బాల్ ఆటయందు ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు నిలుతురు. బంతి విసరువానికి భుజబలమును గుఱియును, లోపలి మైదానమున నుండువానికి చుఱుకుఁదనమును, వెలుపలి మైదానమున నుండువానికి పరుగును ముఖ్యములు. అందుచే నొక్కొక్కఁ డొక్క స్థానము నభ్యసించి, దానినే యంటిపెట్టుకొని యుండుట వాడుక. ఏ స్థానము ఖాళీ యయిన నచట నిలువఁగల యాటగాండ్రును గలరు. కాని వారు సామాన్యముగా దేనియందును అగ్రగణ్యులు గారు. ఈ నియమమునకు గొప్ప యపవాదము మార్తీన్ దిహీగో.

ఈయన 1906వ సంవత్సరము మే 25వ తేదీని క్యూబా ద్వీపమునందలి మతాంజాస్ మండలమున జన్మించెను. ఇరువదియేండ్లైనను నిండకమునుపే, 1923లో, క్యూబన్ స్టార్స్ అను జట్టుతో అమెరికా సంయుక్త రాష్ట్రములకుఁ బోయెను. ఆఱడుగులకు మించిన పొడగరి. మిక్కిలి బలమైన చేయి గలవాఁడు. బంతి విసరుటయందును, బ్యాటు పట్టుటయందును, రమారమి యన్ని స్థానములయందును ఈయన సమర్థుఁడే.

అయినను ఆ కాలమున అమెరికాలోని పెద్ద సంఘములు నల్లజాతివారిని జేర్చుకొనకుండెను. దిహీగో నల్లవాఁడు. మైదానమున నే స్థానముననైనను నిలువఁగలిగిన యీయనకు ఆ సంఘములలో నొక్క స్థానమైనను దొరకలేదు. కావున వేసవియందు నల్లవారి సంఘములలోను, శీతకాలమున స్వదేశమునను ఆడుచు జీవించెను. 1935లో న్యూయార్క్ క్యూబన్స్ జట్టునకు ఆటగాఁడును నాయకుఁడును దానే యయ్యెను.

పిమ్మట మెక్సికో దేశ మీయనను ఆదరించెను. 1937లో ప్రతిపక్షమున కొక్క హిట్టైన నీయక ఒక యాటను ముగించెను; ఆ దేశపు సంఘమున నట్టిది అదియే మొదటిది. 1938లో బంతి విసరి 18 ఆటలు గెలిచి, 2 మాత్రమే యోడెను. ఆ యేఁడే బ్యాటుతో నూటికి 38కి మించిన సగటు సాధించి, ఆ సంఘమున కెల్ల ప్రథముఁడాయెను. పదింట మూఁడుమాఱులు కొట్టువాఁడే గొప్పవాఁడని యెంచఁబడు నాటలో నిది యెంతటి ఘనకార్యమో చదువరులే యూహింపవచ్చును.

1947లో జాకీ రాబిన్సన్ ప్రవేశముతో పెద్ద సంఘముల తలుపులు తెఱచుకొనెను. అప్పటికి దిహీగోకు నలువదేండ్లు దాటినవి. ఆ యవకాశ మీయనకు మించిపోయెను. తరువాతి కాలమున స్వదేశమందలి బాలురకు ఆట నేర్పుచుండి, 1971వ సంవత్సరము మే 20వ తేదీని సియెన్‌ఫ్యూగోస్ నగరమున మృతినొందెను.

క్యూబా 1951లోను, మెక్సికో 1964లోను ఈయనను తమ కీర్తిమందిరములఁ జేర్చెను. అమెరికా ఆ గౌరవము నొసంగునది 1977లో. అప్పటి కీయన గతించి యాఱేండ్లయ్యెను. నల్లవారి సంఘములును పెద్ద సంఘములతో సమానములేయని 2020లోఁగాని యంగీకరింపఁబడలేదు.

విద్యార్థులారా! లోకము తలుపు మూసిన వేళ దిహీగో తన విద్యను మూలఁబెట్టలేదు. ఎక్కడ నిలువమన్న నక్కడ నిలిచి, ఆ స్థానమునకే వన్నె తెచ్చెను. ఆలస్యమైనది లోకమే గాని యీయన కాదు.