హ్యారీ రికార్డో

సర్ హ్యారీ రాల్ఫ్ రికార్డో (జనవరి 26, 1885 - మే 18, 1974) ప్రసిద్ధ ఆంగ్ల ఇంజనీరు, అంతర్దహన యంత్రాల పరిశోధకుడు. ఇంజను సంపీడన నిష్పత్తికి హద్దు గీసేది ప్రధానంగా ఇంధన స్వభావమేనని ప్రయోగపూర్వకంగా చూపినవారిలో ఈయన ముఖ్యుడు.

బాల్యము, విద్య

రికార్డో లండనులో జన్మించాడు. తండ్రి హాల్సీ రికార్డో భవన శిల్పి. రగ్బీ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివాడు. అక్కడ ఆచార్య బెర్ట్రామ్ హాప్కిన్‌సన్ ప్రోత్సాహంతో ఇంజన్ల పరిశోధన చేపట్టాడు.

ట్యాంకు ఇంజను

మొదటి ప్రపంచయుద్ధపు తొలి బ్రిటిష్ ట్యాంకుల ఇంజన్లు దట్టమైన పొగను వెలువరించి, వాటి ఉనికిని శత్రువుకు తెలియజేసేవి. రికార్డో రూపొందించిన 150 అశ్వశక్తి ఇంజను ఈ లోపాన్ని సరిదిద్దింది. 1918లో మార్క్ 5 ట్యాంకులు దీనితోనే నడిచాయి.

నాకింగ్‌పై పరిశోధన

ఇంధన మిశ్రమాన్ని ఎంత ఎక్కువగా నొక్కి మండిస్తే ఇంజను అంత సమర్థంగా పనిచేస్తుంది. హద్దు మీరితే మాత్రం సిలిండరులో సుత్తితో కొట్టినట్లు శబ్దం వస్తుంది, పిస్టన్లు దెబ్బతినవచ్చు. దీనినే నాకింగ్ అంటారు. స్పార్కుకు ముందే మిశ్రమం అంటుకోవడమే దీనికి కారణమని అప్పట్లో చాలామంది భావించేవారు. ఈ రెండూ వేర్వేరని, మంట చేరేలోగా చివరన మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే ఒక్కసారిగా మండడమే నాకింగ్ అని రికార్డో వివరించాడు.

యుద్ధానంతరం షెల్ సంస్థ అండతో, హెన్రీ టిజార్డ్, డేవిడ్ పై అను శాస్త్రవేత్తలతో కలిసి వివిధ ఇంధనాలను పరీక్షించాడు. ఇందుకోసం నడుస్తుండగానే సంపీడన నిష్పత్తిని మార్చగల ఇ-35 అనే ఇంజనును నిర్మించాడు. ఇంధనాలను పోల్చడానికి టోలీన్ సంఖ్యను ప్రవేశపెట్టాడు. తరువాత ఆక్టేన్ సంఖ్య దాని స్థానాన్ని ఆక్రమించింది.

కామ్‌షాఫ్ట్‌తో సంబంధము

సిలిండరు కొలతలను బట్టి లెక్కించే నిష్పత్తి ఒక్కటే నాకింగ్‌ను నిర్ణయించదు. పిస్టను పైకి లేవడం మొదలైన తరువాత కూడా ఇన్‌లెట్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. అది మూసుకున్న తరువాతే అసలు సంపీడనం ఆరంభమవుతుంది. ఆ క్షణాన్ని నిర్ణయించేది కామ్‌షాఫ్ట్. వాల్వును ఆలస్యంగా మూసే కామ్‌షాఫ్ట్ వాడితే, తక్కువ వేగంలో కొంత మిశ్రమం వెనక్కి పోయి బలం తగ్గుతుంది. ఎక్కువ వేగంలో లోపలికి దూసుకువచ్చే గాలి ఊపు వలన సిలిండరు బాగా నిండుతుంది. అందువలన అటువంటి కామ్‌షాఫ్ట్‌కు సంపీడన నిష్పత్తిని కొంత పెంచుతారు. అదే హెచ్చు నిష్పత్తికి వాల్వును త్వరగా మూసే కామ్‌షాఫ్ట్‌ను జతచేస్తే తక్కువ వేగంలోనే నాకింగ్ రావచ్చు. కాబట్టి ఇంధనం, సంపీడన నిష్పత్తి, కామ్‌షాఫ్ట్ మూడింటినీ కలిపి ఎంచుకోవాలి.

గౌరవాలు

రికార్డో 1929లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1948లో సర్ బిరుదు పొందాడు. ఈయన ఆత్మకథ 1968లో వెలువడింది. ఈయన నెలకొల్పిన పరిశోధన సంస్థ ఇంగ్లాండులోని షోరమ్‌లో ఈయన మరణానంతరం కూడా కొనసాగింది.