శ్రీ రమణమహర్షి

మధురకు సమీపమున తిరుచ్చుళి అను గ్రామము కలదు. అచట సుందరమయ్యరు అను ప్లీడరు నివసించుచుండెను. ఆయన భార్య అళగమ్మ. ఆ దంపతులకు 1879వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన రెండవ కుమారుడు జన్మించెను. వానికి వేంకటరామన్ అని పేరు పెట్టిరి. ఆ బాలుడే తరువాత రమణమహర్షి అను పేరుతో లోకప్రసిద్ధుడయ్యెను.

వేంకటరామనుకు పండ్రెండేండ్ల వయస్సున, 1892లో, తండ్రి మరణించెను. కుటుంబము చెదరిపోయెను. వేంకటరామనును, వాని అన్న నాగస్వామియును మధురలోని పినతండ్రి సుబ్బయ్యరు ఇంట చేరి చదువు సాగించిరి. వేంకటరామన్ అమెరికన్ మిషన్ హైస్కూలు విద్యార్థి. ఒకసారి విన్న పాఠము మరవని జ్ఞాపకశక్తి వానికి ఉండెను గాని, చదువునందు శ్రద్ధ యుండెడిది కాదు. కాలిబంతి, కుస్తీ, ఈత యనిన వానికి మిక్కిలి ప్రీతి. వాని నిద్ర మరింత విచిత్రమైనది. మేల్కొని యున్నపుడు వానితో తలపడ సాహసింపని బాలురు, నిద్రలో నున్నపుడు వానిని ఎత్తుకొనిపోయి, తనివితీర కొట్టి, మరల పక్కపై పరుండబెట్టెడివారు. మరునాడు ఇతరులు చెప్పిననే గాని ఆ సంగతి వానికి తెలిసెడిది కాదు. ఇట్టి సామాన్య బాలునియందు అసామాన్యమైన మార్పు కలుగునని ఎవ్వరును అనుకొనలేదు.

1896వ సంవత్సరము జూలై నెలలో ఒకనాడు వేంకటరామన్ పినతండ్రి ఇంటి మేడమీద ఒంటరిగా కూర్చుండి యుండెను. శరీరమున ఏ రోగమును లేదు. అయినను తాను మరణింపబోవుచున్నానను భయము హఠాత్తుగా వానిని ఆవరించెను. మరియొక బాలుడైనచో పెద్దలను పిలుచును. వైద్యుని కొరకు పరుగెత్తును. వేంకటరామన్ అట్లు చేయలేదు. ఈ చిక్కును తానే, అప్పుడే విప్పుకొనవలెనని నిశ్చయించెను. నేలపై పరుండి, కాళ్లుచేతులు చాచి, పెదవులు బిగించి, ఊపిరి నిలిపి శవమువలె కదలక యుండెను. ఈ దేహమును శ్మశానమునకు మోసికొనిపోయి కాల్చివేయుదురు. దానితోపాటు తానును నశించునా యని తనలో ప్రశ్నించుకొనెను. దేహము కట్టెవలె పడియున్నది. అయినను తాను ఉన్నానను ఎరుక మాత్రము చెదరక నిలిచియే యున్నది. దేహమునకు కలుగు మరణము ఆ ఎరుకను తాకజాలదని వానికి ప్రత్యక్షముగా తోచెను. నాటితో మరణభయము వానిని విడిచిపోయెను. మరల ఎన్నడును రాలేదు. అప్పటికి వాని వయస్సు పదునారేండ్లు.

ఆ దినమునుండి వాని నడవడి మారిపోయెను. ఇంతకుముందు ఎవరైన ఒక మాట యన్నచో వెంటనే బదులు చెప్పెడివాడు. ఇప్పుడు నిందలను ఊరక వినుచుండెను. పెట్టిన అన్నమును రుచి యెంచక తినుచుండెను. సాయంకాలమున ఆటస్థలమునకు మారుగా మీనాక్షీదేవి ఆలయమునకు పోవుచుండెను. పాఠములు మాత్రము వెనుకబడెను.

ఆగస్టు 29వ తేదీన ఉపాధ్యాయుడు శిక్షగా విధించిన ఆంగ్ల వ్యాకరణ పాఠమును వేంకటరామన్ మూడుసార్లు వ్రాయవలసి యుండెను. రెండుసార్లు వ్రాసెను. మూడవసారి వ్రాయుచు వ్రాయుచు పుస్తకము ప్రక్కకు నెట్టి కన్నులు మూసికొని కూర్చుండెను. అది చూచి అన్న, ఇట్లుండు వానికి ఇల్లెందులకు, చదువెందులకు అని ఎత్తిపొడిచెను. ఆ మాట నిజమేయని వేంకటరామనుకు తోచెను. పాఠశాలకు పోవలెనని చెప్పి లేచెను. పోవునపుడు తన కళాశాల జీతము చెల్లింపుమని నాగస్వామి ఐదు రూపాయలు తీసికొనుమనెను. వేంకటరామన్ పాత దేశపటము చూచి దూరము అంచనా వేసికొని, మూడు రూపాయలు మాత్రము తీసికొని, మిగిలిన రెండు రూపాయలను ఒక చీటితో నుంచి ఇల్లు విడిచెను. ఒక పెద్ద బంధువు నోట వినినది మొదలు వాని హృదయమును లాగుచున్న అరుణాచలమే వాని గమ్యస్థానము.

ఆ చీటి పరిశీలింపదగినది. తన తండ్రిని వెదకుచు ఆయన ఆజ్ఞచేత పోవుచున్నట్లును, ఎవరును దుఃఖింపవలదనియు, వెదకుటకై ధనము వ్యయము చేయవలదనియు అందు వ్రాసెను. జీతము ఇంకను చెల్లింపలేదని కూడ మరవక తెలిపెను. మొదటి వాక్యము నేను అను మాటతో ఆరంభమయ్యెను. తరువాతి వాక్యమున ఆ నేను పోయి, ఏదియో ఒక వస్తువును గూర్చి చెప్పినట్లు ఇది అను మాట వచ్చెను. చివర సంతకముండవలసిన చోట పేరు లేదు. ఒక గీత మాత్రమే యున్నది. వ్రాసిన బాలుడు దీనిని ఆలోచించి చేసినవాడు కాడు. వాని మనస్సునుండి నేను అను అభిమానము జారిపోవుచుండెననుటకు ఆ కాగితమే సాక్ష్యము.

దారిలో రూకలు చాలక కొంతదూరము నడిచి, చెవిపోగులు నాలుగు రూపాయలకు కుదువబెట్టి, సెప్టెంబరు 1వ తేదీన వేంకటరామన్ తిరువణ్ణామలై చేరెను. మిగిలిన రూకలను పారవేసెను, తల గొరిగించుకొనెను. మొదట అరుణాచలేశ్వరాలయములోని వేయికాళ్ల మండపమున కూర్చుండెను. తుంటరి బాలురు రాళ్లు రువ్వుచుండిరి. వారి బాధ తప్పించుకొనుటకు చీకటి క్రమ్మిన పాతాళలింగపు గుహలో ప్రవేశించెను. అచట పురుగులు తొడలను కొరికి పుండ్లు పడినను వానికి స్మారకము లేకుండెను. భక్తులు కొందరు జాలిపడి ఎత్తి వెలుపలికి తెచ్చి సంరక్షించిరి.

1898 డిసెంబరులో తల్లి కుమారుని జాడ తెలిసికొని వచ్చెను. జడలు కట్టిన తలతో, మాసిన దేహముతో నున్న బిడ్డను చూచి ఆమె గుండె చెరువయ్యెను. ఇంటికి రమ్మని దినముల తరబడి ఏడ్చి బ్రతిమాలెను. కుమారుడు మాటాడలేదు. చూచువారు సహింపలేక, ఏదైన ఒక సమాధానము వ్రాసి యిమ్మని వేడుకొనిరి. ఎవరి ప్రారబ్ధము ననుసరించి వారి జీవితము నడచుననియు, జరుగవలసినది ఎవ్వరు అడ్డగించినను ఆగదనియు, మౌనముగ నుండుటయే మేలనియు కాగితముపై వ్రాసి యిచ్చెను. ఆ తల్లి కన్నీటితో తిరిగిపోయెను. ఈ ఘట్టము చదువువారికి ఆ బాలుని హృదయము కఠినమని తోచుట సహజము. అది కఠినమగునో కాదో తరువాతి కథ తెలుపగలదు.

1899లో ఆయన కొండపైనున్న విరూపాక్ష గుహకు చేరి, 1916 వరకు అచటనే నివసించిరి. 1902లో శివప్రకాశం పిళ్లె అను రెవిన్యూ ఉద్యోగి వచ్చి, తానెవడో తెలిసికొనుట యెట్లని ప్రశ్నించెను. అప్పటికి ఆయన మాటాడుచుండలేదు. కావున సమాధానములను వ్రాసి చూపిరి. తరువాత అవియే నేనెవడను అను చిన్న పుస్తకముగా 1923లో ప్రకటింపబడెను. దాని సారము సులభము. మనస్సు అనునది తలపుల మూట. ఆ తలపులన్నిటిలో మొట్టమొదటిది నేను అను తలపు. ఏ తలపు వచ్చినను, ఇది ఎవరికి వచ్చినదని ప్రశ్నింపవలెను. నాకు అని సమాధానము వచ్చును. అట్లైనచో ఈ నేను ఎక్కడినుండి పుట్టుచున్నదని లోనికి చూడవలెను. అట్లు చూడగా తలపులు ఒక్కొక్కటిగా అణగిపోవును. చితిని ఎగదోసిన కట్టె తుదకు తానును ఆ చితిలోనే కాలిపోవునట్లు, ఆ ప్రశ్నయు చివరకు అణగిపోవును. అనవసరపు విచారమును గూర్చి ఆయన రైలు ప్రయాణికుని దృష్టాంతముగా చెప్పెడివారు. బండి సర్వభారమును మోయుచుండగా, తన మూటను నెత్తిపై పెట్టుకొని కూర్చుండువాడు వ్యర్థముగ అలసిపోవును. రేపటిని గూర్చి నేడు కుములువాడును అట్టివాడే.

1907 నవంబరు 18వ తేదీన ఆ గుహకు ఒక తెలుగు మహాపండితుడు వచ్చెను. ఆయన బొబ్బిలి సమీపమున కలువరాయి గ్రామమున జన్మించిన కావ్యకంఠ గణపతిశాస్త్రి. ఆశుకవితచే నవద్వీప పండితులను మెప్పించి బిరుదు పొందినవాడు. పెక్కేండ్లు మంత్రజపము చేసినవాడు. అయినను తపస్సనగా నేమో తనకు తెలియలేదను వేదనతో మిట్టమధ్యాహ్నమున కొండనెక్కి, తనకంటె చిన్నవాడైన మౌనిపాదములపై వ్రాలెను. కొంతసేపు మౌనముగ చూచిన పిమ్మట ఆ మౌని, నేను అను భావము ఎచటనుండి పుట్టునో గమనించుటయే తపస్సనియు, మంత్రము జపించునపుడు ఆ ధ్వని యెచటనుండి వెలువడునో గమనించుటయు తపస్సేయనియు తెలిపిరి. శాస్త్రి సంశయము తీరెను. ఆయనయే ఆ మౌనికి భగవాన్ శ్రీ రమణమహర్షి యను పేరు పెట్టెను.

మహర్షి ఉపదేశము మాటలకంటె పనులలోనే ఎక్కువగ కనబడుచుండెను. వేలూరు కళాశాలలోని తెలుగు పండితుడొకడు ఒకనాడు నిష్కామకర్మ యనగా నేమని ప్రశ్నించెను. మహర్షి బదులు పలుకలేదు. కొంతసేపటికి కొందరితో కలసి కొండపైకి వెడలిరి, పండితుడును వెంటబోయెను. త్రోవలో పడియున్న ముండ్ల కొమ్మనొకదానిని తీసికొని, మహర్షి ఒకచోట కూర్చుండి ముండ్లను కోసిరి, కణుపులను చెక్కిరి, గరుకైన ఆకుతో తోమి నునుపు చేసిరి. ఇంచుమించు ఆరు గంటలకు అది చక్కని చేతికర్ర యయ్యెను. అందరును దాని నునుపును మెచ్చుకొనుచుండగా, తన కర్రను పోగొట్టుకొని దిగులుపడుచు ఒక పసులకాపరి బాలుడు ఎదురయ్యెను. మహర్షి ఆ కర్రను వానికిచ్చి ముందునకు నడచిరి. తన ప్రశ్నకు సమాధానము లభించినదని పండితుడు గ్రహించెను. చేయునంతసేపు చేతిపనియందే మనస్సు నిలిపి, చేసిన పిమ్మట అది నాదియను తలపు లేకుండుటయే నిష్కామకర్మ.

1916లో తల్లి కుమారుని యొద్దనే నివసింపవచ్చెను. ఆ యేడే వారు పైనున్న స్కందాశ్రమమునకు మారిరి. తల్లియను ప్రత్యేకాధికారము ఆమెకు మిగులకుండునట్లు, మహర్షి ఒక్కొక్కపుడు ఆమెతో తప్ప అందరితోను మాటాడెడివారు. ఆమె నొచ్చుకొన్నచో, స్త్రీలందరును తనకు తల్లులేయని చెప్పెడివారు. క్రమముగ ఆమె ఆ మాటలోని భావమును గ్రహించి, అందరికిని వండిపెట్టి అందరికిని తల్లియయ్యెను. 1922 మే 19వ తేదీన ఆమెకు అవసానకాలము రాగా, మహర్షి నాడంతయు ప్రక్కనే కూర్చుండి, ఒక చేయి ఆమె హృదయముపైనను, ఒక చేయి తలపైనను ఉంచి, తుదిశ్వాస వరకు కదలలేదు. ఇరువదినాలుగేండ్ల క్రిందట మౌనము వహించిన కుమారుని హృదయము ఎట్టిదో ఆనాడు అందరును చూచిరి. కొండ దిగువన ఆమె సమాధి చెంతనే రమణాశ్రమము వెలసెను.

1924 జూన్ 26వ తేదీ రాత్రి ఆశ్రమమున దొంగలు పడిరి. మహర్షి తలుపు తెరపించి, కావలసినది తీసికొనిపొండని చెప్పినను, వారు ఆయన తొడపై కొట్టిరి. తృప్తి కలుగనిచో రెండవ కాలిని కూడ కొట్టుడని ఆయన శాంతముగ పలికిరి. కోపముతో ఇనుపకడ్డీ చేపట్టిన శిష్యుని వారించి, వారి ధర్మము వారు చేయుదురు, మన ధర్మము సహనమని బోధించిరి.

ప్రఖ్యాతి పెరిగి దూరదేశములనుండి జనులు వచ్చుచున్నను, మహర్షి తెల్లవారకముందే వంటయింట కూర్చుండి కూరలు తరుగుచుండిరి. అందరికిని వడ్డించినదానికంటె తనకొక్క ముద్ద ఎక్కువైనను అంగీకరింపరు. కోతులు, ఉడుతలు, నెమళ్లు, ఆవులు ఆయన యొద్ద చనువుగ మెలగుచుండెను. ఆయన తెలుగు నేర్చి, ఉపదేశసారమును తమిళమునందేగాక తెలుగు, సంస్కృత, మలయాళములందును స్వయముగ రచించిరి. ఇల్లు విడిచి సన్న్యసించెదమని వచ్చినవారిని మాత్రము ఆయన ప్రోత్సహింపలేదు. విడువవలసినది ఇల్లు కాదు, నేను నాది యను అభిమానము. అది అడవికి పోయినను వెంటనే వచ్చునని వారికి నచ్చజెప్పి పంపెడివారు.

1949లో ఆయన ఎడమచేతిపై పుట్టిన వ్రణమునకు నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగెను. చేయి తీసివేయుటకు ఆయన సమ్మతింపలేదు. బాధ తీవ్రముగ నున్నను, దర్శనమునకు వచ్చువారిని ఆపవలదని ఆజ్ఞాపించిరి. 1950 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 8 గంటల 47 నిమిషములకు, డెబ్బది యేండ్ల వయస్సున, ఆయన ప్రశాంతముగ దేహము చాలించిరి. పదునారేండ్ల వయస్సున మేడమీద పోయిన భయము ఆ చివరి దినమున కూడ తిరిగి రాలేదు.

మహర్షివలె మౌనమున నుండుట అందరికిని సాధ్యము కాదు. కాని గడచిన అవమానమును తలచికొని మండిపడునపుడును, రానున్న పరీక్షను తలచికొని వడకునపుడును, ఈ తలపు ఎవరికి వచ్చినదని ఒక్క క్షణము నిలిచి ప్రశ్నించుకొనుట ఏ విద్యార్థికైనను సాధ్యమే. అపుడు మనస్సు కుదుటపడి చేతిలోని పని చక్కగ సాగును. ముండ్ల కొమ్మ చేతికర్రగా మారినది అట్లే.