బ్రాంప్టను ప్రభువగు సర్ హెన్రీ హాకిన్సు

జూదమును గూర్చి మన ధర్మశాస్త్రకర్తలు విడిగా నొక ప్రకరణమునే నిర్మించిరి. ప్రాణములేని పాచికలు మొదలగువానితో నాడునది ద్యూతమనియు, ప్రాణులను పందెమున కొడ్డి యాడునది సమాహ్వయమనియు మనువు విభజించి, ఆ రెండింటిని రాజు తన రాజ్యమున జరుగనీయరాదని శాసించెను. యాజ్ఞవల్క్యుడు లోకమును మరికొంత యెరిగినవాడు కాబోలు, సభికుడను వాని యాజమాన్యమున నాట నాడనిచ్చి, వచ్చిన దానిలో రాజునకు భాగము విధించెను. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని నియమించి, గెలిచిన ధనములో నూటికి 5 వంతున గైకొనుమనెను. నిషేధింపవలెనా, నియమింపవలెనా యను నీ వివాదము నాటినుండి నేటివరకు తెగలేదు. పందొమ్మిదవ శతాబ్దమున నాంగ్లదేశపు న్యాయస్థానములలో నీ వివాదమే పలుమారులు తలయెత్తగా, దానిని తేల్చుటకు మిక్కిలి పాటుపడిన యొక న్యాయవేత్త చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగ వ్రాయబూనితిమి. ఈ సంచికను చదువు సోదరులలో న్యాయవాదవృత్తి నవలంబించిన యువకులు పెక్కురు కలరు. ఆయన పేరు వారికి పాఠ్యగ్రంథమున నొకానొక పంక్తియందు మాత్రమే తగిలియుండును.

హెన్రీ హాకిన్సు 1817వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన హర్టుఫర్డుషైరు మండలములోని హిచ్చిన్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ హాకిన్సు అచ్చటనే సొలిసిటరుగ నుండెడివాడు. బెడ్‌ఫర్డు పాఠశాలలో చదువు ముగిసిన పిదప, ఆ వృత్తియందే యున్న సమీపబంధువు నొకని కార్యాలయమున బాలుని పనికి బెట్టిరి. దస్తావేజులకు ప్రతులు వ్రాయుచు గూర్చుండు నా కొలువు హెన్రీకి రుచింపలేదు. 1839వ సంవత్సరమున లండను చేరి మిడిల్ టెంపులను విద్యాస్థానమున ప్రవేశించెను. కొంతకాలము వ్యాజ్యపత్రములు సిద్ధపరచు పనిచే జీవించి, 1843వ సంవత్సరమున బారిష్టరయ్యెను.

ఆ కాలపు లండను నగరమును గూర్చి రెండు మాటలు చెప్పక కథ సాగదు. సెయింటు జేమ్సు వీధిలో 1828వ సంవత్సరమున క్రాక్‌ఫర్డను నొకడు రాజభవనమువంటి జూదశాలను దెరచియుండెను. అతడు చేపలమ్మువాని కుమారుడు. హాజర్డను పాచికలాటలో దేశపు ప్రభువుల యాస్తులెన్నియో యాతని పెట్టెలలో జేరెను. పేదవాడు సందులో పాచికలు వైచిన పోలీసులు పట్టుకొందురు; ప్రభువులు దీపకాంతులలో నాడిన నడుగువారు లేరు. 1844వ సంవత్సరమున పార్లమెంటు విచారణసంఘమును వేసి, మరుసటి యేడు చట్టము చేసెను. జూదపుటొప్పందములును పందెములును న్యాయస్థానమున చెల్లవని ఆ చట్టము విధించెను. కేవలనైపుణ్యముచే నాడు నాటలను మాత్రము నిషేధమునుండి విడిచెను. 1853వ సంవత్సరపు చట్టము పందెములు కట్టించుకొను నిండ్లను, గదులను, తత్సదృశములగు ప్రదేశములను నిషేధించెను. 1854వ సంవత్సరపు చట్టము జూదగృహములు నడుపువారికి పెద్ద జరిమానాలు విధించెను. మన కథానాయకుని కీర్తి యీ మూడు చట్టముల యర్థనిర్ణయముతో ముడివడియున్నది.

ఆయన యెదుగుదల నెమ్మదిగ సాగినను నిలుకడగలది. సాక్షిని ప్రశ్నించుటలో నాయనకు గల నేర్పు ప్రసిద్ధము. కేకలు వేయడు, బెదరింపడు. మృదువుగ నడిగి యడిగి సాక్షి చెప్పిన దానినే సాక్షికి గుదిబండగ మార్చును. టిచ్‌బోర్ను వ్యాజ్యమున నీ నేర్పు లోకమునకెల్ల వెల్లడియయ్యెను. సముద్రమున మునిగిపోయిన యొక జమీందారీ వారసుడను నేనేయని ఆస్ట్రేలియానుండి వచ్చిన కసాయివాడొకడు దావా వేయగా, 1871, 1872 సంవత్సరములలో నూరు దినములకు పైగా విచారణ జరిగెను. ప్రతివాదుల పక్షమున కోల్‌రిడ్జి ప్రధానవాదిగ నుండ, హాకిన్సు సహాయుడై బెయిజెంటను ముఖ్యసాక్షిని ప్రశ్నించిన తీరును న్యాయవాదులు చిరకాలము చెప్పుకొనిరి. పిమ్మట నా వాదిమీద కూటసాక్ష్యపు నేరము మోపి నడపిన క్రిమినలు విచారణలో ప్రభుత్వపక్షమున ప్రధానవాది హాకిన్సే. అది 188 దినములు సాగి, 1874వ సంవత్సరమున ముద్దాయికి 14 సంవత్సరముల శిక్షతో ముగిసెను.

1876వ సంవత్సరమున హాకిన్సు హైకోర్టు న్యాయాధిపతియై సర్ బిరుదము పొందెను. మరుసటి యేడే పెంజి హత్యాభియోగ మాయన యెదుటికి వచ్చినది. ఒక స్త్రీని భర్తయు నాతని బంధువులును తిండిపెట్టక మాడ్చి చంపిరని యభియోగము. ఆమె వ్యాధిచే మరణించియుండవచ్చునని వైద్యులలో పలువురకు సంశయము కలదు. అట్లయ్యును నలుగురికిని మరణదండన విధింపబడెను. ప్రజలలోను వైద్యులలోను పెద్ద అలజడి పుట్టగా, ప్రభుత్వము ముగ్గురి శిక్షను తగ్గించి, నాలుగవ యామెను విడిచిపెట్టెను. ఉరిశిక్షల హాకిన్సని జనులు పెట్టిన పేరు ఆయనను జీవితాంతము విడువలేదు. జూదవిషయమున నాయన తీర్పులను మేమెంత మెచ్చినను, ఈ వ్యాజ్యమున జూరీకి జెప్పిన మాటలలో వైద్యసాక్ష్యమునకు దగిన తూకము లేదనియే మా యభిప్రాయము. అట్టి కఠినుడే జాక్ అను చిన్న వేటకుక్కను న్యాయపీఠముమీద తన ప్రక్కన గూర్చుండబెట్టుకొని జిల్లాలు తిరిగెడివాడు. మనుష్యస్వభావ మిట్టిది.

ఇక ప్రకృతమునకు వత్తము. గుర్రపుపందెములనిన హాకిన్సునకు ప్రాణము. జాకీ క్లబ్బులో సభ్యుడు. న్యూమార్కెటు మైదానమున నాయనను గుర్తింపనివారు లేరు. ఇట్టివానిని ద్యూతధర్మమునకు నిర్ణేతగ నుంచుట పిల్లిని పాలకు కాపుంచినట్లని మన చదువరులు తలపవచ్చును. జరిగినది వేరు.

1884వ సంవత్సరమున పార్క్ క్లబ్బు వ్యాజ్యము వచ్చెను. అది సెయింటు జేమ్సు ప్రాంతమునందలి గొప్పవారి క్లబ్బు. రాత్రులయందు బాకరా యను పేకాట పెద్ద పందెములతో సాగుచుండగా పోలీసులు ప్రవేశించిరి. ఇది సభ్యులకు మాత్రమే ప్రవేశముగల క్లబ్బు కాని బజారున నుండు జూదగృహము కాదని క్లబ్బువారి వాదము. హాకిన్సు ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, ప్రజలు విలువిద్యను మరచి జూదములలో మునుగుచున్నారని చేయబడిన చట్టము మొదలుకొని వరుసగ నన్నిటిని పరిశీలించి తీర్పు వ్రాసెను. ఫారో, హాజర్డు మున్నగునవి పేరుపేరున నిషిద్ధములు. నైపుణ్యము మాత్రమే ప్రధానముగా గల యాటలు విడువబడినవి. బాకరా యట్టిది కాదు గనుక నిషిద్ధమే. ఆడువారు సభ్యులే యైనంత మాత్రమున గృహము జూదగృహము కాకపోదు. ఇదియే యా తీర్పు సారము. క్రాక్‌ఫర్డు కాలమున సందులోని పేదవానికే తగిలిన చట్టము తొలిసారి ప్రభువుల బల్లలయొద్దకు నడచివచ్చినది. ఆరేండ్లు గడచిన పిమ్మట ట్రాన్బీ క్రాఫ్టు గృహమున యువరాజే యీ బాకరా యాడుటయు, అందొకడు మోసము చేసెనను నింద పుట్టి 1891వ సంవత్సరమున న్యాయస్థానమున కెక్కుటయు వేరొక కథ.

1892వ సంవత్సరమున వచ్చినది పొగగుండు వ్యాజ్యము. కార్బాలికు పొగగుండును చెప్పిన ప్రకారము వాడినను ఇన్‌ఫ్లుయెంజా వచ్చినచో 100 పౌనులిత్తుమని యొక కంపెనీవారు 1891వ సంవత్సరము నవంబరులో పత్రికలయందు ప్రకటించి, మా నిజాయితీకి గుర్తుగ 1000 పౌనులు బ్యాంకులో నుంచితిమనియు చాటిరి. కార్లిలు గారి భార్య దానిని కొని, దినమునకు మూడుమారులు చొప్పున వాడెను. జనవరి 17వ తేదీన జ్వరము రానే వచ్చెను. కంపెనీ పక్షమున వాదించిన ఆస్క్విత్తు తరువాత ఆంగ్లదేశపు ప్రధానమంత్రియయ్యెను. ఇది పందెము, పందెము చట్టముచే చెల్లదు అనునది వారి వాదములలో నొకటి. పందెమనగానేమో హాకిన్సు అప్పుడు నిర్వచించెను. మున్ముందు తేలవలసిన యొక సంగతిపై ఇద్దరు విరుద్ధాభిప్రాయములు గలిగి, అది యొక విధముగ తేలిన నొకరు మరియొకరికి ధనమిచ్చునట్లును, రెండవ విధముగ తేలిన రెండవవారు మొదటివారి కిచ్చునట్లును ఒప్పుకొనవలెను. ఆ గెలుపోటములు తప్ప వారికా సంగతిలో వేరు ప్రయోజన ముండరాదు. ఇరువురకును గెలుపును గలుగవచ్చును, ఓటమియు గలుగవచ్చును. కార్లిలమ్మకు గెలుపేకాని యోటమి లేదు. కావున నది పందెము కాదని చెప్పి 100 పౌనులు నిప్పించెను. పై న్యాయస్థానము ఆ యేడు డిసెంబరులో దీనిని స్థిరపరచెను. మన దేశపు 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టమున 30వ విభాగము పందెములు చెల్లవనుచున్నదే కాని పందెమేమో చెప్పదు. ఆ కొఱత తీర్చుటకు మన న్యాయకళాశాలలయందు హాకిన్సు నిర్వచనమునే బోధింతురు.

మూడవది 1897వ సంవత్సరపు తీర్పు. జూదనిరోధక సంఘమువారి ప్రేరణచే హర్‌స్టు పార్కు గుర్రపుపందెముల మైదానమున పందెములు కట్టించుకొనువా డొకనిపై అభియోగము వచ్చెను. 1853వ సంవత్సరపు చట్టమున ప్రదేశమను మాటకు అర్థమేమి? కంచె వేసి, రుసుము పుచ్చుకొని లోనికి పంపు మైదానభాగము ప్రదేశమగునా? అవునన్నచో దేశమందలి గుర్రపుపందెములకే ముప్పు. ఐదుగురు న్యాయాధిపతుల పక్షమున తీర్పు చదివినవాడు హాకిన్సు, అవుననియే చదివెను. ఏండ్ల తరబడి తాను తిరిగిన మైదానములు, తన మిత్రులు, తన క్లబ్బు ఒకవైపు, చట్టములోని మాట యొకవైపు నుండగా, ఆయన మాటవైపు నిలిచెను. మా కాయన జీవితమున దీనికంటె పెద్దది కనబడదు. ఆ తీర్పు నిలువలేదనుటయు సత్యమే. కెంప్టన్ పార్కు వ్యాజ్యమున అప్పీలు కోర్టువారు దానిని కాదనిరి; 1899వ సంవత్సరమున ప్రభువులసభ వారితో నేకీభవించెను. ధనికుల మైదానము నిలిచెను. 1906వ సంవత్సరమున వీధిలో పందెములు కట్టుట నేరమగు చట్టము వచ్చెను. పేదవాని వీధికే మరల శిక్ష!

కేవలనైపుణ్యమను నీ మాట మన దేశమునకును వచ్చెను. 1867వ సంవత్సరపు బహిరంగ ద్యూతచట్టమున నది కలదు. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు 1959వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు వ్రాయుచు, మన ధర్మశాస్త్రములు జూదమును నిందించినమాట యొప్పుకొనుచునే, పందెము చెల్లనిదగును గాని దానికి సంబంధించిన భాగస్వామ్యము చట్టవిరుద్ధము కాదని నిర్ణయించిరి. 1968వ సంవత్సరమున సికిందరాబాదు క్లబ్బు వ్యాజ్యమున రమ్మీయాట ప్రధానముగ నైపుణ్యముతో గూడినదని ఆ కోర్టువారే తేల్చిరి. ఆ తీర్పు వ్రాసినప్పుడు నలుగురు బల్లచుట్టును గూర్చుండి యాడు రమ్మీయే వారి కన్నుల యెదుట నుండెను. మా శిష్యుడొకడు మొన్నమొన్న, చేతిలోని ఫోనుపై రేయింబవళ్లు ముఖమెరుగని వారితో నాడి, తండ్రి సంపాదించిన రెండెకరముల మాగాణి పోగొట్టుకొని వచ్చి మా యెదుట గూర్చుండెను. ఇది నైపుణ్యపు టాటయే కదా మాస్టారూ యని యడిగెను. అతనికి మేమేమియు చెప్పజాలకపోతిమి. 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును తమ చట్టములను సవరించుకొనినవి. 2025వ సంవత్సరమున పార్లమెంటు, నైపుణ్యమో యదృష్టమో విచారింపకయే, ధనమొడ్డి యాడు ఆన్‌లైను ఆటల నెల్ల నిషేధించెను.

హాకిన్సు 1898వ సంవత్సరమున న్యాయపీఠము విడిచెను. ఆ సమయముననే రోమను కాథలికు మతము స్వీకరించెను. 1899వ సంవత్సరమున బ్రాంప్టను ప్రభువను బిరుదము లభించెను. తన స్మృతులు 1904వ సంవత్సరమున గ్రంథముగ వెలువడినవి. అందులో కథలెక్కువ, చట్టము తక్కువ. లండనులో నూతనముగ నిర్మింపబడిన వెస్ట్‌మినిస్టరు కాథలికు దేవాలయమున నొక ప్రార్థనామందిరమునకు భార్యతో గూడ ధనమిచ్చెను. జాక్ అంతకుముందే 1894లో మరణించియుండెను. హాకిన్సు 1907వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన, తొంబదియేండ్ల వయస్సున, లండనులోని తన గృహమున కాలధర్మము నొందెను. సంతానము లేమిచే బ్రాంప్టను ప్రభుపదవి ఆయనతోనే యంతరించెను.