టీ పెట్టె మీద టెలివిజన్

జాన్ లోగీ బైర్డ్ పేరు మనలో చాలామందికి జీకే బిట్‌గానే తెలుసు: టెలివిజన్ ఎవరు కనిపెట్టారు? బైర్డ్. నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టి వచ్చేస్తాం. కానీ దాన్ని ఆయన దేనితో తయారుచేశారో తెలిస్తే, మన హాస్టల్ గది మూలలో పడున్న పాత సామాను వైపు ఇంకోసారి చూస్తాం.

ఆయన 1888 ఆగస్టు 13న స్కాట్లండ్‌లోని హెలెన్స్‌బరోలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టర్. చిన్నప్పటి నుంచి ఒంట్లో బాగుండేది కాదు, కానీ చేతులు మాత్రం ఊరుకునేవి కావు. స్కూల్ రోజుల్లోనే వీధికి అడ్డంగా తీగలు లాగి ఫ్రెండ్స్ ఇళ్లకు టెలిఫోన్ కలిపారు. ఓ గాలివాన రాత్రి కిందికి వేలాడిన తీగ ఒక గుర్రబ్బండి ఆయనకు తగలడంతో ఆ ఎక్స్ఛేంజ్ మూతపడింది. ఆ తర్వాత ఖాళీ జామ్ సీసాల్లో లెడ్ రేకులు పెట్టి బ్యాటరీలు చేసి, ఇంట్లో కరెంటు దీపాలు వెలిగించారు.

గ్లాస్గోలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అనారోగ్యం వల్ల సైన్యంలోకి తీసుకోలేదు. కరెంటు కంపెనీ ఉద్యోగం వదిలేసి సాక్సులు అమ్మారు, ట్రినిడాడ్ వెళ్లి జామ్ వండారు, లండన్‌లో సబ్బుల వ్యాపారం చేశారు. చివరికి 1923లో ఆరోగ్యం దెబ్బతిని, హేస్టింగ్స్ అనే సముద్రతీర ఊరికి చేరారు. వయసు 34. చేతిలో పెద్దగా డబ్బు లేదు.

అక్కడ ఆయన పట్టుకున్నది పాత ఐడియానే. 1884లో జర్మనీలో పాల్ నిప్కో ఒక పేటెంట్ తీసుకున్నాడు. గుండ్రటి పళ్లెంలో సుడిలా రంధ్రాలు చేసి తిప్పితే, ఒక్కో రంధ్రం బొమ్మలో ఒక్కో గీతను చదువుతుంది. ఆ వెలుగును కరెంటుగా మార్చి పంపి, అవతల అదే వేగంతో తిరిగే పళ్లెం వెనక దీపం వెలిగిస్తే బొమ్మ మళ్లీ వస్తుంది.

దీనికి కావలసిన భాగాలు కొనే స్థోమత లేదు. అందుకే బైర్డ్ వస్తువు పేరు పక్కన పెట్టి, అది చేయగలిగే పని చూశారు. టోపీల డబ్బా అట్ట కత్తిరిస్తే పళ్లెం. టీ పొడి వచ్చే చెక్క పెట్టె మోటర్‌కి స్టాండ్. బిస్కెట్ డబ్బా దీపానికి గూడు. సైకిల్ లైటు అద్దం లెన్స్. మేజోళ్లు కుట్టే సూది ఇరుసు. అన్నిటినీ కలిపి ఉంచడానికి లక్క, జిగురు, దారం. 1924 నాటికి ఒక శిలువ ఆకారం నీడ కొన్ని అడుగుల దూరం వెళ్లింది.

ఎక్కువ వోల్టేజి కోసం వందల టార్చి బ్యాటరీలు వరసగా కలిపారు. విడిగా చూస్తే ఒక్కోటి ఆటవస్తువు, కలిస్తే వెయ్యి వోల్టులు దాటాయి. 1924లో షాక్ కొట్టి ఎగిరిపడ్డారు, చేతులు కాలాయి, గది ఖాళీ చేయాల్సి వచ్చింది. పాత మైక్రోవేవ్ విప్పే ఫ్రెండ్స్ ఇక్కడ కాస్త ఆగాలి. ప్లగ్ తీసేసినా దాని కెపాసిటర్‌లో చార్జ్ ఉండొచ్చు.

లండన్‌లో సోహో ప్రాంతంలో, 22 ఫ్రిత్ స్ట్రీట్ పైగదిలో పని మళ్లీ మొదలైంది. 1925 అక్టోబర్ 2న ఒక బొమ్మ తల ముఖం స్పష్టంగా కనిపించింది. ఆయన కిందికి పరిగెత్తి, ఆఫీస్ బాయ్ విలియం టేంటన్‌ని లాక్కొచ్చి దీపాల ముందు కూర్చోబెట్టారు. వేడికి అతను జరిగిపోతే, డబ్బులిచ్చి మళ్లీ కూర్చోబెట్టారు. 1926 జనవరి 26న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు అదే గదిలో ఆ యంత్రాన్ని చూశారు. బొమ్మలో ఉన్నవి 30 గీతలే.

ఆ పళ్లెం దారికి హద్దుంది. గీతలు పెంచాలంటే రంధ్రాలు చిన్నవి కావాలి, వెలుగు తగ్గిపోతుంది. 1936 నవంబర్‌లో బీబీసీ బైర్డ్ 240 గీతల పద్ధతినీ, మార్కోనీ-ఈఎంఐ వాళ్ల 405 గీతల ఎలక్ట్రానిక్ పద్ధతినీ మార్చి మార్చి ప్రసారం చేసింది. ఆ నెల 30న క్రిస్టల్ ప్యాలెస్ తగలబడి, ఆయన కంపెనీ ల్యాబ్‌లు చాలావరకు బూడిదయ్యాయి. 1937 మొదట్లోనే బీబీసీ ఆయన పద్ధతిని ఆపేసింది.

ఆయన మాత్రం ఆగలేదు. సొంత డబ్బుతో ఇంటి దగ్గరే ప్రయోగాలు సాగించారు. తనను ఓడించిన ఎలక్ట్రానిక్ దారిలోకే వెళ్లి, 1944లో కలర్ పిక్చర్ ట్యూబ్ చూపించారు. పాత సామానులో కొత్త పని చూసిన మనిషికి, తన పాత ఐడియాని వదిలేయడం కూడా వచ్చు. 1946 జూన్ 14న, 57 ఏళ్లకే చనిపోయారు.

ఆయన తొలి యంత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. అందులో ఏ భాగమూ టెలివిజన్ కోసం పుట్టలేదు.