ఎనిగ్మా గుట్టు విప్పి బ్రిటన్ చేతిలో పెట్టాడు.. చివరికి అకౌంట్స్ రాసుకుంటూ బతికాడు! ఎవరీ రెజెవ్‌స్కీ?

హిట్లర్ సైన్యం వాడిన సీక్రెట్ కోడ్ మెషిన్ ఎనిగ్మా. దాని పేరు వినగానే అందరికీ అలన్ ట్యూరింగ్ గుర్తొస్తాడు. కానీ అంతకు ఏళ్ల ముందే.. 1932 చివర్లో పోలండ్ కుర్రాడొకరు ఆ మెషిన్ లోపలి వైరింగ్‌ను కేవలం లెక్కలతో కనిపెట్టేశాడు. ఆయనే మరియన్ రెజెవ్‌స్కీ. అప్పటికి వయసు 27 ఏళ్లు.

అయితే అది ఒక్కడి ఘనత కాదు. ఓ జర్మన్ ఉద్యోగి అమ్ముకున్న కాగితాలను ఫ్రాన్స్ నిఘా విభాగం పోలండ్‌కు ఇచ్చింది. ఆ సాయం లేకపోతే పని చాలా కష్టమయ్యేది.

1938 డిసెంబర్‌లో జర్మన్లు మరో రెండు రోటార్లు చేర్చారు. పని ఒక్కసారిగా పది రెట్లు పెరిగింది. పోలండ్ దగ్గర అంత డబ్బు లేదు, యుద్ధమేమో ముంచుకొస్తోంది. దీంతో 1939 జులైలో వార్సా దగ్గర పీరీ అడవిలో బ్రిటన్, ఫ్రాన్స్ నిపుణులను పిలిచి మొత్తం చెప్పేశారు. బ్రిటన్ నిపుణుడు డిల్విన్ నాక్స్‌ను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే.. కీబోర్డు అక్షరాలు ఏ వరుసలో కనెక్ట్ అయ్యాయి? సమాధానం వింటే నవ్వొస్తుంది. మామూలు ఏబీసీడీ వరుసే! అంత సింపుల్‌గా ఉంటుందని బ్రిటన్ వాళ్లు నమ్మలేకపోయారట. రెండు దేశాలకూ చెరో నకలు మెషిన్ ఇచ్చారు. ఐదు వారాలకే పోలండ్‌పై దాడి జరిగింది.

రెజెవ్‌స్కీ రొమేనియా మీదుగా ఫ్రాన్స్ చేరి మళ్లీ కోడ్‌లు ఛేదించారు. సహచరుడు రుజిట్‌స్కీ 1942లో ఓడ మునిగి చనిపోయారు. ఆ తర్వాత పర్వతాలు దాటి స్పెయిన్ వెళ్తే అక్కడ జైలు. 1943లో ఎలాగోలా బ్రిటన్ చేరారు. అక్కడేం జరిగిందంటే.. ఎనిగ్మా పని నడుస్తున్న బ్లెచ్లీ పార్క్‌లోకి ఆయన్ను రానివ్వలేదు! చేత్తో రాసే చిన్న కోడ్‌ల పని అప్పగించారు. రహస్యం ఇచ్చిన మనిషికే రహస్యం దాచారన్నమాట.

1946లో భార్యాపిల్లల కోసం స్వదేశం వచ్చేశారు. మరుసటి ఏడాదే 11 ఏళ్ల కొడుకు పోలియోతో చనిపోయాడు. కేబుల్ కంపెనీలో, తర్వాత చిన్నాచితకా ఆఫీసుల్లో అకౌంట్స్ రాస్తూ 1967లో రిటైరయ్యారు. చేసిన పని గురించి ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. 1973లో ఫ్రాన్స్ మాజీ నిఘా అధికారి పుస్తకం రాశాకే ఆ కథ ప్రపంచానికి తెలిసింది. 1980 ఫిబ్రవరి 13న వార్సాలో కన్నుమూశారు. బ్రిటన్ యుద్ధ పతకం ఇచ్చింది 2005లో.. అందుకున్నది ఆయన కూతురు.