ఫ్లోరిన్‌ను విడదీసిన మొయసాన్

నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో బావినీరు త్రాగి ఎముకలు వంగి, నడుములు కుంగినవారు ఎందరో. చూపునకు నిర్మలమైన ఆ నీటిలో శిలలనుండి కరిగి చేరినది ఫ్లోరైడు. అందలి మూలకమైన ఫ్లోరిన్‌ను మొదట విడదీసినవాడు ఫ్రెంచి రసాయనవేత్త హెన్రీ మొయసాన్.

1852 సెప్టెంబరు 28న పారిస్‌లో జన్మించిన అతడు పట్టం పొందకనే చదువు విడిచి, మందుల దుకాణంలో పనికి కుదిరాడు. పిమ్మట రసాయనశాస్త్రం అభ్యసించాడు. ఫ్లోరిన్‌కై అంతకుముందు యత్నించినవారిలో పలువురు విషవాయువులవల్ల రోగగ్రస్తులయ్యారు, కొందరు మరణించారు. విడివడీ విడివడకముందే అది పాత్రతోనే కలిసిపోయేది.

మొయసాన్ ప్లాటినం పాత్రను ఎన్నుకొన్నాడు. బిరడాలు మాత్రం ఫ్లోర్‌స్పార్ ఖనిజంతో చేయించాడు. అది కాల్షియం ఫ్లోరైడు. ముందే ఫ్లోరిన్‌తో సంయోగం చెందినది గనుక ఆ వాయువుకు లొంగదు. ఎంత చక్కని యుక్తి! నిర్జల హైడ్రోఫ్లోరికామ్లాన్ని మిక్కిలి చల్లబరచి విద్యుత్తు ప్రసరింపజేయగా, 1886 జూన్ 26న వెలువడిన వాయువు సోకి సిలికాన్ భగ్గున మండింది.

తీరా అకాడమీ పరీక్షకులు వచ్చిననాడు వాయువు రాలేదు! ఆమ్లాన్ని అతిగా శుద్ధిచేయడమే దోషం. శుద్ధమైన ఆ ఆమ్లంలో విద్యుత్తు ప్రవహించదు. పొటాషియం ఫ్లోరైడు కలుపగానే ప్రయోగం ఫలించింది.

మర్రిగూడ బావులలో ఉన్నది ఈ వాయువు కాదు. విడి ఫ్లోరిన్ నీటితోనే చర్య జరుపుతుంది, అందులో నిలువదు. మూలకపు గుణం వేరు, సంయోగపు గుణం వేరు.

1906లో మొయసాన్‌కు నోబెల్ బహుమానం లభించింది. రెండు నెలలు దాటీ దాటకముందే, 1907 ఫిబ్రవరి 20న, 54 ఏండ్ల వయస్సున పారిస్‌లో మరణించాడు.